గవ్వ కంట్లో మిరపగింజ

ఒకప్పుడు కుక్కకు కాస్త నొప్పి పుడితే చాలు, ఊరంతటికీ తెలిసిపోయేది. కడుపు నొప్పి వస్తే వీధి మధ్యలో వెల్లకిలా పడుకుని, వచ్చేపోయే వాళ్లందరికీ మొదటినుంచి చెప్పుకునేది. వాళ్లు "అయ్యో పాపం" అంటే దానికి సగం నొప్పి తగ్గిపోయేది.

ఆ రోజుల్లో పేరమ్మ అనే రైతు దగ్గర గవ్వ అనే కుక్క ఉండేది. పేరమ్మ మిరపకాయలు ఎండబోసే కల్లానికి అదే కాపలా. ఎంత దూరంలో ఆకు కదిలినా గవ్వ కంటపడాల్సిందే. "దీని కళ్లుండగా నాకు దిగులేంటి!" అని పేరమ్మ మురిసిపోయేది.

ఒక మధ్యాహ్నం సుడిగాలి లేచింది. కల్లంలో కాయలు ఎగిరాయి, గింజలు ఎగిరాయి. ఒక ఎండు మిరపగింజ సూటిగా వచ్చి గవ్వ కుడికంట్లో పడింది.

"చచ్చాన్రో! నా కన్ను పోయిందిరో!" అని గవ్వ కల్లమంతా గిరగిరా తిరిగింది.

పేరమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఉండవే తల్లీ, ఒక్క క్షణం కదలకు. కడిగేస్తా."

ఇంతలో అరుపు విని అందరూ వచ్చేశారు.

"నీళ్లా?" అని కోడిపుంజు ముక్కు ఎగరేసింది. "నీళ్లతో వైద్యమేంటి పేరమ్మా, నలుగురూ వింటే నవ్విపోతారు! ఉల్లిపాయ రసం పిండు. మా వంశంలో అందరికీ అదే మందు. అది పడితే గుడ్డివాడికి కూడా చుక్కలు కనిపిస్తాయి."

"నువ్వెప్పుడైనా నీ కంట్లో పిండుకున్నావా మామా?" అని గవ్వ ఏడుస్తూ అడిగింది.

"నాకేం ఖర్మ! నా కళ్లు బాగానే ఉన్నాయిగా."

అందరూ పుంజునే సమర్థించారు. పేరమ్మ సిగ్గుపడి చెంబు కింద పెట్టి, ఉల్లిపాయ తెచ్చి పిండింది.

గవ్వకు పట్టపగలే చుక్కలు కనిపించాయి.

"చూశారా! చెప్పానా!" అంది పుంజు.

మేక ఊరుకుంటుందా? వేపాకు కరకరా నమిలి, ఆ పసరు తెచ్చి గవ్వ కంట్లో ఉమ్మింది. "మందు కక్కే మేకను చూసుండవు. అదృష్టవంతురాలివి" అంది. కన్ను నిప్పుకణికలా ఎర్రబడింది.

"మంట పుట్టిందంటే మందు పనిచేస్తున్నట్టే" అని పిల్లి గోడమీద కూర్చుని తీర్పు చెప్పింది. అది ఏ మందూ తేలేదు. అయినా అందరికంటే ఎక్కువ మాట్లాడింది.

చివరికి పక్కింటి నాగరత్తమ్మ వచ్చింది. ఆమె పేరమ్మకు వరసకు వదిన. కొంగులో పసుపు, ఉప్పు కలిపి మూట కట్టుకొచ్చింది.

"వద్దు వదినా, ఇంకా మండుతుందేమో" అంది పేరమ్మ.

"ఏం కాదు. పసుపు చేలో పండింది. చేలో పండింది ఎవరికైనా హాని చేస్తుందా?"

"మిరపకాయ కూడా చేలో పండిందే కదా వదినా!"

నాగరత్తమ్మ మూట విప్పింది. "పెద్దవాళ్లకు ఎదురు చెబితే మందు పనిచేయదు" అని గుప్పెడు తీసి గవ్వ కంట్లో కొట్టింది.

గవ్వ కన్ను నేరేడుపండంత వాచి, పూర్తిగా మూసుకుపోయింది. అయినా వైద్యుల గొడవ ఆగలేదు. "నీ పసరు నా రసాన్ని విరిచేసింది" అని పుంజు, "నీ రసం వల్లే నా పసరు పట్టలేదు" అని మేక కొట్టుకుంటున్నాయి. గవ్వ వైపు ఎవరూ చూడటం లేదు.

అదే సందనుకుని గవ్వ చప్పుడు చేయకుండా జారుకుని, మిరపచేల మధ్య పడి, పంట కాలువలో దూకింది. పారే నీళ్లలో తల ముంచి రెప్పలు ఆడించింది. ముంచింది, ఆడించింది. పసుపు పోయింది, పసరు పోయింది. చాలాసేపటికి మిరపగింజ తేలి, నీళ్లతో పాటు కొట్టుకుపోయింది.

గవ్వ ఇంటికి పోకుండా కాలువ గట్టునే ఉండిపోయింది. కొన్నాళ్లకు వాపు తీసింది. కానీ కంటిమీద పలచగా తెల్లటి పొర మిగిలిపోయింది. అటువైపు ఏది చూసినా గవ్వకు మసకే.

అది ఇంటికి రాగానే పుంజు రెక్కలు టపటపలాడించింది. "ఉల్లిరసం ఊరికే పోతుందా!"

"పసరు!" అంది మేక.

"నా పసుపు" అంది నాగరత్తమ్మ.

"మరి ఈ పొర ఎవరిది?" అని గవ్వ అడిగింది.

పుంజుకు హఠాత్తుగా కూయాలనిపించింది. మేకకు ఆకలేసింది. నాగరత్తమ్మకు పొయ్యిమీద పాలు గుర్తొచ్చాయి. పిల్లి మాత్రం కదలకుండా, "అది నీ తలరాత" అంది.

పేరమ్మ ఒక్కతే గవ్వ మొహం పట్టుకుని ఏడ్చింది. "చెంబు నా చేతిలోనే ఉందే. వాళ్లు నవ్వుతారని కింద పెట్టేశాను."

తర్వాత ఒక రోజు గవ్వ కాల్లో తుమ్మముల్లు దిగింది. అరుద్దామని నోరు తెరిచింది. దూరంగా పుంజు తల తిప్పడం చూసింది. తెరిచిన నోరు మూసేసింది. కుంటుకుంటూ గడ్డివాము వెనక్కి వెళ్లి, ముల్లు పళ్లతో పీక్కుని, కాలు నాక్కుంటూ కూర్చుంది.

వాసన పట్టినట్టు అందరూ వచ్చేశారు. నాగరత్తమ్మ కొంగులో ఏదో మూట కనిపిస్తోంది.

"గవ్వా, ఎక్కడైనా నొప్పా? మొహమాట పడకు" అంది పుంజు.

గవ్వ పళ్లన్నీ బయటపెట్టి గుర్రుమంది. మేక నోట్లో ఆకు నోట్లోనే ఉండగా పారిపోయింది. నాగరత్తమ్మ మూట అక్కడే పడేసి పరుగు తీసింది.

"ఎంత కృతఘ్నత!" అంది పిల్లి, తనూ పరుగెడుతూనే.

కాసేపటికి పేరమ్మ వచ్చింది. రెండు చేతులూ ఖాళీ. ఏమీ అడగకుండా పక్కన కూర్చుంది. గవ్వ గుర్రుమనలేదు. మెల్లగా ఆమె ఒళ్లో తల పెట్టుకుంది.

అప్పటినుంచే కుక్కకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరికీ చెప్పదు. ఏ మంచం కిందికో, ఏ మూలకో పోయి ఒక్కతే పడుకుంటుంది. చేతిలో ఏదో పట్టుకుని ఎవరైనా దగ్గరికొస్తే గుర్రుమంటుంది. రోగం ఎప్పుడో ఒకప్పుడు తగ్గుతుంది, ముందు వైద్యుల నుంచి కాపాడుకోవాలి కదా!