దుర్గపాలుడి చెవిలోని అంతరాత్మ

ఏటిగట్టుకు దిగువన, తమలపాకు తోటల చల్లని నీడలో వర్ధనమ్మగారి లోగిలి ఉన్నది. ఆ లోగిలిలో మనుషుల కంటె నోరులేని జీవాలే ఎక్కువని ఊరివారు పరిహాసమాడేవారు. నోరులేనివి అనడం ఊరివారి తొందరపాటు. వాటి మాట వినే ఓపిక వారికి లేదు, అంతే. పశువుల పాకలో గంభీరుడనే ముసలి ఎద్దు, పాలు కాగే పొయ్యి పక్కన మృదుపాద అనే పిల్లి, వీధి అరుగు మీద దుర్గపాలుడనే కుక్క, ఎవరి నెలవున వారు ఉండి లోకం తీరును తర్కించుకుంటూ కాలం గడిపేవారు.

వర్ధనమ్మగారికి ఒక నియమం ఉండేది. ప్రతి ఆదివారం ఉదయం ముంగిలి ఊడ్చి ముగ్గు పెట్టిన తరువాత, పీట వేసుకుని, సన్నపళ్ల దువ్వెన, తడిగుడ్డ దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క జీవాన్నీ పేరు పెట్టి పిలిచేది. చెవి మడిచి లోపలికి చూసేది. పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూసేది. గోళ్లు, గిట్టలు, తోకమొదలు, పొట్టకింద, వేళ్ల సందున, ఏదీ విడిచిపెట్టేది కాదు. "జబ్బు పడిన తరువాత చేసేది వైద్యం, పడకముందు చేసేది కాపలా" అని ఆమె మాట.

ఎద్దు పిలవకముందే కాలు మడిచి గిట్ట చూపేవాడు. పిల్లి, ఆ సేవను తానే అనుగ్రహిస్తున్నట్లు కళ్లు మూసుకుని చెవి ఒప్పగించేది. కుక్క ఒకప్పుడు అందరికంటె ముందు వచ్చి తోక ఆడిస్తూ కూర్చునేవాడు. తొలకరి పడినది మొదలు దువ్వెన కంటబడితే చాలు, గడ్డివామి వెనుకకు పరుగు తీస్తున్నాడు.

దానికి కారణం ఉన్నది. తొలకరికి ఏటిగట్టున పచ్చిక మోకాలెత్తు పెరిగింది. దుర్గపాలుడు ఎలుకను తరుముకుంటూ ఆ పచ్చికలో దూరాడు. ఎలుక దొరకలేదు గాని ఒక పిడుదు దొరికింది. ఉన్నమాట చెప్పాలంటే, పిడుదుకే అతడు దొరికాడు. దాని పేరు మధురభాషి. అప్పటికి ఆవగింజంత ప్రాణి. ఎడమచెవి మడతలో చేరి, మెత్తని చోటు చూసి మూతి దింపి, కొన్నాళ్లకే ఒక రహస్యం కనిపెట్టింది: చెవి లోపలి అంచున ఉండి మెల్లగా పలికితే, ఆ పలుకు కుక్కకు తన మనసులో పుట్టిన తలపులాగే వినిపిస్తుంది. అది మొదలు ఒక వంక రక్తపానం, ఒక వంక ఉపదేశం.

"మనవంటి వీరులకు దువ్వెన ఏమిటి? దువ్వెన పెళ్లికూతుళ్లకు" అనేది.

"నిజమే" అనుకునేవాడు కుక్క.

"ఆమె చెవి ఎందుకు మడుస్తున్నది? లోకువ కట్టి. చెవి ఇచ్చినవాడు రేపు తల ఇవ్వవలసి వస్తుంది. గడ్డివామి వెనుక చల్లగా ఉంటుంది, పోదాం పద."

కుక్క పోయేవాడు.

ఒకనాడు మధ్యాహ్నం మృదుపాద అరుగు మీదికి వచ్చేసరికి కుక్క ముందున్న గిన్నెలో అన్నం సగానికి సగం మిగిలి, ఈగలు ముసురుతున్నాయి.

"ఏం కొత్వాలుగారూ, భోజనం మిగిల్చారు? ఉపవాసమా?"

"ఒసే పాలదొంగా, నా గిన్నె మీద నీ కన్నెందుకే? తిండి మీద ఆశ తగ్గింది. వైరాగ్యం అనుకో."

"నిన్న ముంగిస కోడిపిల్లను నోట కరుచుకుని నీ ముందునుంచే పోయింది. కన్నయినా తెరవలేదు. అదీ వైరాగ్యమేనా?"

"ముంగిసల స్థాయికి దిగవద్దని నా అంతరాత్మ చెప్పింది."

"ఎవరు చెప్పారూ?"

"అంతరాత్మ. నీకు ఉండదులే. ఈమధ్య లోపలినుంచి నాకొక గొంతు వినబడుతున్నది. అది మహాతపస్వులకు గాని వినబడదట."

"ఎవరన్నారు ఆ మాట?"

"ఆ గొంతే."

పిల్లి మీసం కదిలింది. "ఏ వైపునుంచి వినబడుతుంది?"

కుక్క కొంచెం ఆలోచించాడు. "ఎడమచెవి వైపునుంచి."

"ఆత్మ గుండెలో ఉంటుందని పెద్దలు అనగా విన్నాను. నీది చెవిలోకి మకాం మార్చిందా?" అంటూనే మృదుపాద మెడ చాచి తొంగిచూసింది. చెవి మడతలో, ఆముదపు గింజంత లావున, బూడిదరంగున ఉబ్బి నిగనిగలాడుతూ మధురభాషి కనబడింది.

"ఓరి నీ ఆత్మ బంగారం గానూ! అది పిడుదురా! నీ నెత్తురు తాగి నీకే నీతులు చెప్తున్నది!"

మధురభాషి క్షణమైనా తడబడలేదు. "విన్నావా? మన తేజస్సు చూసి పిల్లికి కడుపుమంట. పిల్లి మాట విని బాగుపడిన కుక్క మన వంశంలో ఉన్నదా? మాటల్లో పెట్టి చెవి కొరకడానికి వచ్చింది. తరుము!"

దుర్గపాలుడు గుర్రుమని లేచి తరిమాడు. మృదుపాద ఒక్క ఉరుకున ప్రహరీగోడ ఎక్కింది. ఎక్కవలసిన అవసరమే లేకపోయింది. కుక్క ముంగిలి దాటకముందే ఆయాసంతో కూలబడ్డాడు. నాలుక వేలాడేసి వగరుస్తున్న ఆ నోటిలో చిగుళ్లు, ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా పాలిపోయి ఉన్నాయి. అంతవరకు పిల్లికి కోపం. అది చూసిన తరువాత భయం.

మృదుపాద తిన్నగా పశువుల పాకకు పోయింది.

"మామయ్యా, కుక్క సంగతి బాగాలేదు."

గంభీరుడు అంతా విని, నెమరు ఆపాడు. "పోయిన వానల్లో పొరుగింటి కుక్క చిత్రాంగికి ఇట్లాగే మొదలైందమ్మా. ముందు అన్నం విడిచింది. ఆ తరువాత జ్వరం. పిడుదు కాటుతో వచ్చే జ్వరమట. డాక్టరు కోసం మనిషిని పంపేసరికి ఏరు పొంగి పడవ ఆగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం ప్రయోజనం? చిత్రాంగి దక్కలేదు."

"రేపు పశువుల డాక్టరు వస్తున్నాడని అమ్మగారు అనగా విన్నాను."

"వస్తాడు. వానలు ముదరకముందు ఒకసారి వచ్చి అందరినీ చూసి పోవడం ఆయన వాడుక. ఆ తరువాత ఏరు తీసేదాకా రాడు. వీడు రేపు గడ్డివామి వెనుక నక్కి కూర్చుంటే, ఆ పూట దాటిపోయినట్లే."

"వాడికి చెప్పాను మామయ్యా. నేను గోడ అవతలనుంచి చెప్పాలి, అది గుమ్మంలో కూర్చుని చెప్తుంది. వాడికి ఎవరి మాట వినబడుతుంది?"

"అవును. చెప్పుడు మాటలు చేటు అంటారు. చెప్పేవాడు చెవిలోనే కాపురం ఉంటే ఇంక చెప్పేదేమున్నది?"

పిల్లి తన ముంగాలును నాకుకుంటూ ఆలోచించింది. "కుక్కకు చెప్పి లాభం లేదు. పిడుదుకే చెప్పాలి. మామయ్యా, రేపు నువ్వు నాకోసం ఒక్క చిన్న అబద్ధం..."

"ఈ మెడ మీద కాడి మోశాను గాని, ఈ నాలుక మీద అబద్ధం మోయలేదు. ఈ వయసులో నాకు కొత్త బరువులు అలవాటు చేయకమ్మా."

"సరే, వద్దులే. అడిగినదానికి నిజమే చెప్పు. అడగనిది చెప్పకు. అంతవరకు చేయగలవా?"

"అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య" అన్నాడు ఎద్దు.

మరునాడు ఉదయం దుర్గపాలుడు కుడితి తొట్టి పక్కన చల్లని నేల చూసుకుని, ఎడమచెవి పైకి ఉండేటట్లు పడుకుని కునుకు తీస్తున్నాడు. మృదుపాద తొట్టి అంచు మీద కూర్చుని, కావలసినదానికంటె గట్టిగా అడిగింది.

"మామయ్యా, డాక్టరుగారు కుక్కను పట్టుకుంటే మొట్టమొదట ఎక్కడ చూస్తారు?"

"చెవిలో. దీపం వేసి మరీ చూస్తారు."

"అక్కడ పిడుదు కనబడితే?"

"పట్టకారుతో పట్టి లాగేస్తారు. నా కళ్లతో చూశాను."

"అయ్యో పాపం! పోనీ, కుక్క ఒంటి మీద దాని నాలుకకు అందని, దాని పంటికి అందని చోటంటూ ఉన్నదా?"

"ఉన్నది. మెడ వెనుక, భుజాల నడుమ."

"అక్కడ వెంట్రుకలు దట్టంగానే ఉంటాయి కదూ?"

"మన దుర్గపాలుడికి మరీ దట్టం."

పిల్లి ఇంకేమీ అడగలేదు. ఎద్దు ఇంకేమీ చెప్పలేదు. ఆ చోటికి మరేదైనా విశేషం ఉన్నదా అని మధురభాషి ఒక్క మాట అడిగి ఉంటే, ఎద్దు దానికీ నిజమే చెప్పేవాడు. అడగలేదు. తనకు తెలిసినదే లోకమనుకునేవారికి అడగడం నామోషీ.

ప్రాణభయం ముందు ఉపదేశం మరుపున పడింది. కుక్కకు ఏమీ చెప్పకుండానే మధురభాషి మూతి పెకలించుకుని, బరువైన పొట్ట ఈడ్చుకుంటూ చెవి దిగింది. దారిలో వేళ్ల సందునా పొట్టకిందా తలదాచుకున్న బంధువర్గాన్ని కూడా కేకలు వేసి పిలిచింది. "రండర్రా! నాలుక చేరని కోట ఒకటి ఉన్నది, దానిలో నిశ్చింతగా ఉండవచ్చు!" అందరూ దానిని అనుసరించి భుజాల నడుమకు చేరారు.

ఎండ ముంగిట్లోకి వచ్చేసరికి డాక్టరుగారు వచ్చారు. ముందు ఎద్దు గిట్టలు చూశారు. తరువాత వర్ధనమ్మగారు దువ్వెన పక్కన పెట్టుకుని పిలిచింది. "దుర్గపాలుడా, ఇటు రారా నాన్నా!"

కుక్క అలవాటుగా లేచాడు. గడ్డివామి వైపు తల తిప్పాడు. మాట కోసం ఆగాడు. మాట రాలేదు.

"ఏమిరా, ఆగావు?" అన్నాడు ఎద్దు.

"అంతరాత్మ ఏమీ అనడం లేదు బాబాయ్."

"అయితే ఈ ఒక్కసారికి నీ బుద్ధిని అడుగు."

దుర్గపాలుడు నిలబడ్డాడు. వీపు మీద ఏదో దురద. దానికి మాటలు లేవు. ఎదుట పీట మీద ఆమె చేయి చాచి ఉన్నది. ఆ చేయి తన చెవి వెనుక గోకిన ఆదివారాలు, ఎవరూ చెప్పకుండానే, వాటంతట అవే గుర్తుకు వచ్చాయి. కాళ్లు తడబడుతున్నా నడిచిపోయి ఆమె ఒడిలో తల పెట్టాడు.

"ఎన్నాళ్లకు వచ్చావురా పిచ్చివెధవా!" అన్నది వర్ధనమ్మగారు.

డాక్టరుగారు దీపం వేసి చెవి చూశారు. "ఇక్కడ పెద్ద పిడుదే ఉండి వెళ్లిందమ్మా, పుండు పచ్చిగా ఉన్నది." పెదవి ఎత్తి చూశారు; ఒంటి వేడి చూశారు. "చిగుళ్లు పాలిపోయాయి. జ్వరం ఇంకా అందుకోలేదు. వానలు ముదిరేదాకా ఆగి ఉంటే మాత్రం చెప్పలేము. నెత్తురు చుక్క పరీక్షకు తీసుకుపోతాను. గోటితో పోయేది గొడ్డలిదాకా తెచ్చుకోవద్దు."

పిచ్చికుక్క జబ్బు రాకుండా ఏటేటా వేసే సూది వేశారు. ఆపైన సంచిలోనుంచి సన్నమూతి గొట్టం ఒకటి తీశారు. "ఇది పిడుదుల మందు. కుక్క నాకితే ప్రమాదం. అందుకే దాని నాలుక చేరని చోట, మెడ వెనుక భుజాల నడుమ వేస్తాము. ఆరేదాకా పిల్లిని దగ్గరికి రానీయకండి. కుక్క మందు పిల్లికి విషం. దానికి వేరే మందు ఇస్తాను." ఆ మాట విని మృదుపాద తొట్టి మీదినుంచి మర్యాదగా ఇంకొంచెం దూరం జరిగింది.

మందు వేయడానికి డాక్టరుగారు భుజాల నడుమ వెంట్రుకలు విడదీశారు.

"అమ్మో! సంత కూడిందే ఇక్కడ!"

పట్టకారు తీసుకుని, లావుపాటిదానిని ముందుగా మొదలంటా పట్టి, మెలితిప్పకుండా నిదానంగా లాగి, మందునీళ్లున్న గాజుసీసాలో వేశారు. ఆ వెనుక ఒక్కొక్కటిగా దాని బంధువర్గం. చివరకు ఖాళీ అయిన ఆ చోట మందు చుక్కలు పడ్డాయి.

సీసాలోనుంచి మధురభాషి కాళ్లు ఆడిస్తూ కేక పెట్టింది. "పిల్లీ! నన్ను మోసం చేశావు!"

"నేనేం చేశాను? ఒక చోటు ఎక్కడున్నదో మామయ్యను అడిగాను. అక్కడ ఇల్లు కట్టుకున్నది నువ్వు."

"ఎద్దూ! నువ్వైనా చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదమ్మా" అన్నాడు గంభీరుడు, నెమరు వేస్తూ.

మధురభాషి గొంతు మార్చింది. మెత్తగా, మెల్లగా, లోపలినుంచి వస్తున్నట్లు పలికింది. "దుర్గపాలుడా, మనం వీరులం. ఆ చేయి కరిచి సీసా పడదోయి. మనకు ఇంకెవరున్నారు?"

కుక్క చెవులు నిక్కాయి. సీసా దగ్గరకు ముక్కు చేర్చి చూశాడు. తన మనసు అనుకున్నది, తపస్సు అనుకున్నది, వైరాగ్యం అనుకున్నది, ఆముదపు గింజంత పొట్టతో మందునీటిలో తేలుతూ కాళ్లు కొట్టుకుంటున్నది.

"ఇది... ఇది నా అంతరాత్మ గొంతు" అన్నాడు నీరసంగా.

"గొంతు దానిదేరా అబ్బాయ్" అన్నది మృదుపాద దూరంనుంచి. "నెత్తురే నీది."

డాక్టరుగారు సీసాకు మూత బిగించారు.

నిన్ను వైద్యుడికి దూరం చేసే హితవు ఎవరు చెప్పినా, ఆ చెప్పేవాడు ఏమి తిని బతుకుతున్నాడో ముందు విచారించాలి.