పేరమ్మ పొయ్యికి పొగగొట్టం

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో రాజుగారికంటే ముందు నిద్రలేచేది కోట వంటింట్లోని పొగ.

ఆ పొగలోనే ముప్పై ఏళ్లుగా వంట చేస్తున్నది పేరమ్మ. ఆమె చేతి పులుసు తిననివాడు కోటలో లేడు. ఆమె కళ్లెలా ఉన్నాయని అడిగినవాడూ లేడు. ఒకనాడు ఆమె కళ్లు కనబడక పాయసంలో బెల్లానికి బదులు చింతపండు వేసింది. అప్పటికి గాని రాజుగారికి వైద్యుడు గుర్తు రాలేదు!

"ఇంకొక్క నెల ఈ పొగలో ఉంటే చూపు పూర్తిగా పోతుంది ప్రభూ" అన్నాడు వైద్యుడు.

రాజుగారు కంచరి చౌడాచారిని పిలిపించి, నాలుగు రాగి గొట్టాలు ఇప్పించారు. "ఆచారీ, వీటిలో ఒక్కదాన్నయినా వంచి, పొగ బయటికి పంపించు" అన్నారు.

చౌడాచారి గొప్ప పనిమంతుడు. ఆ మాట ఎవరూ అనకపోతే తనే అనుకునేవాడు. పొయ్యికి సరిగ్గా పైన కప్పును మోసే దూలం ఉంది. గొట్టం దాన్ని తప్పించుకుని వంగి పోవాలి. అతుకు వేస్తే సెగకు కరుగుతుంది. మందపు గొట్టమైతే పాత కప్పు మోయలేదు. అందుకే అవన్నీ పల్చటి గొట్టాలు.

"ఇదెంత పని!" అంటూ చౌడాచారి మొదటి గొట్టాన్ని కాల్చి, మొద్దుకు ఆనించి వంచాడు. అది కాస్తా నమిలిన చెరకు పిప్పిలా నొక్కుకుపోయింది. "రాగి మంచిది కాదు" అన్నాడు.

రెండో దానిలో ఇసుక పోశాడు. ఇసుక లోపల వదులుగా ఉండి పక్కకు జరిగింది. వంపు దగ్గర గొట్టం ముడతలు పడి మూసుకుపోయింది. "బొగ్గులు మంచివి కావు" అన్నాడు.

గుమ్మంలోంచి పేరమ్మ అంది: "నాయనా, ఒక మాట చెప్పనా?"

"గరిటె పట్టే చేతికి గొట్టం సంగతేం తెలుసమ్మా!" అన్నాడు చౌడాచారి.

తడి ఇసుక అయితే గట్టిగా కూరుకుంటుందని ఏటి నుంచి తెచ్చి, మూడో దానిలో దట్టించి, రెండు వైపులా బిరడాలు బిగించి, నిప్పుల్లో పెట్టాడు. లోపలి నీరు ఆవిరై ఢామ్మని పేలింది. బిరడా ఎగిరి మజ్జిగ కుండ పగలగొట్టింది. గొట్టం నిలువునా చీలింది.

ఈసారి తప్పు మోపడానికి ఏమీ మిగల్లేదు. నెల తిరగడానికి మూడు రోజులే ఉన్నాయి, గొట్టం ఒక్కటే ఉంది. పగిలిన పెంకుల కోసం పేరమ్మ నేలంతా చేతులతో తడుముతోంది. అది చూసి చౌడాచారికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె పక్కన కూర్చుని తనే పెంకులు ఏరుతూ, "పేరమ్మా, నాకు చేతకావడం లేదు. ఆ మాటేదో చెప్పు తల్లీ" అన్నాడు.

పేరమ్మ మరమరాలు వేయించే ఇసుక మూకుడు ముందుకు జరిపింది. "ఇది రోజూ పొయ్యి మీద మాడే ఇసుక. చుక్క తడి ఉండదు. పోసేటప్పుడు గొట్టాన్ని తడుతూ ఉండు. కుంచాన్ని తట్టి కొలిస్తే ఇంకో గుప్పెడు గింజలు పడతాయి, ఎరగవూ?"

చౌడాచారి పోస్తూ తట్టాడు, తడుతూ పోశాడు. నిండిందనుకున్నాక కూడా మూడు గుప్పెళ్లు పట్టింది! బిరడాలు బిగించి, వంపు దగ్గర ఎర్రగా కాల్చి, మొద్దు చుట్టూ తొందరపడకుండా తిప్పాడు. గొట్టం గుండ్రంగా, ముడత లేకుండా వంగింది. ఇసుక దులిపేసి దూలం పక్కగా బిగించాడు. పొగ గొట్టంలోంచి ఆకాశంలోకి పోయింది.

రాజుగారు మెచ్చి కంకణం ఇవ్వబోతే, "ఇది పేరమ్మకు చెందాలి ప్రభూ. ఉపాయం ఆమెది" అన్నాడు చౌడాచారి.

కొన్నాళ్లకు పేరమ్మ కళ్లలో ఎరుపు తగ్గింది. ఒక ఉదయం ఆమె చౌడాచారిని ఎగాదిగా చూసి, "అయ్యో ఆచారీ, గడ్డం ఇంతలా ఎప్పుడు నెరిసిందయ్యా!" అంది. అతను పకపకా నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు.

నీతి: డొల్లగా ఉన్నది వంచితే నలుగుతుంది, నిండుగా ఉన్నది నలగకుండా వంగుతుంది; మనిషైనా అంతే.