నూట ఇరవై సెంటీమీటర్లు

నివేదిక రాసి మూడు రోజులైంది. దస్తగిరి సార్ ఇంకా సంతకం పెట్టలేదు.

మద్దిలేటి ఏడేళ్లు సివిల్ ఇంజనీరుగా వంతెనలు కట్టాడు. ఒక వానాకాలం, అతను కట్టిన వంతెన స్తంభం ఒకటి తెల్లారేసరికి పదకొండు అంగుళాలు కుంగింది. కాంక్రీటు బాగుంది, ఇనుము బాగుంది, లెక్కలు బాగున్నాయి. కింద ఏముందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. అదేదో తెలుసుకోవాలని ఉద్యోగం మానేసి, భూగర్భ పరిశోధకుడైన దస్తగిరి సార్ దగ్గర శిష్యుడిగా చేరాడు.

ఐదు నెలలు గడిచాయి. పాత కంపెనీ మళ్లీ రమ్మని ఉత్తరం రాసింది. సోమవారం లోపు జవాబివ్వాలి. ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకునే తిరుగుతున్నాడు. సార్ ఈ నివేదిక మీద సంతకం పెడితే రాళ్ల దగ్గరే ఉండిపోవాలి, పెట్టకపోతే వంతెనల దగ్గరికి వెళ్లిపోవాలి అని మనసులో అనుకున్నాడు.

అది అతను సొంతంగా చేసిన మొదటి పని. బేతంచెర్ల వైపు ఒక సున్నపురాయి కొండ. దాని మీద మూడు లక్షల లీటర్ల నీళ్ల ట్యాంకు కట్టొచ్చో లేదో తేల్చాలి. నీళ్ల బరువే మూడు వందల టన్నులు. కొండ కింద నలభై ఇళ్లు.

ముప్పై మీటర్ల లోతుకు డ్రిల్లింగు చేయించాడు. గొట్టంలోంచి బయటికొచ్చిన గుండ్రటి రాతి కడ్డీలను ఆరు చెక్కపెట్టెల్లో వరసగా పేర్చాడు. ముక్కకు ముక్క ఆనించి, మధ్యలో గోరు దూరనంత దగ్గరగా.

శుక్రవారం మధ్యాహ్నం సార్ నివేదిక ఉన్న సంచి భుజాన వేసుకుని తానే కొండెక్కి వచ్చారు. డ్రిల్లింగు మిషను నడిపే హుసేనప్ప ఇచ్చిన టీ పట్టుకుని పెట్టెల ముందు గొంతుక్కూర్చున్నారు.

“తొంభై ఆరు శాతం సార్,” అన్నాడు మద్దిలేటి. “ముప్పై మీటర్లు తవ్వితే ఇరవై ఎనిమిది మీటర్ల ఎనభై సెంటీమీటర్ల రాయి చేతికొచ్చింది. తొంభై దాటితే మా పాత ఆఫీసులో కళ్లు మూసుకుని పాస్ చేస్తారు.”

“కళ్లు మూసుకునా?” అన్నారు సార్.

సార్ పెట్టెల చివరి దాకా చూశారు.

“మిగతా నూట ఇరవై సెంటీమీటర్లు?”

“మెత్తటి మట్టి అయ్యుంటుంది సార్. డ్రిల్లింగు నీళ్లకు కొట్టుకుపోయింది. ఆ మేరకు చివరి పెట్టెలో ఖాళీ వదిలాను.”

“చివర్లోనే పోయిందా?”

హుసేనప్ప పొయ్యి దగ్గర నుంచే అందుకున్నాడు. “ఈ సారుకు చెప్పినా కదా సారూ. పద్దెనిమిది మీటర్ల కాడ రాడ్డు చేతిలోంచి జారిపాయ. పోసిన నీళ్లు పైకి రాలే. గుర్తుకని అక్కడ చెక్కముక్క కూడా పెడితి. పెట్టె అందంగా లేదని ఈ సారు తీసి పారేసె.”

“నివేదికలో పెట్టే ఫోటోలో మధ్యన ఖాళీ కనిపిస్తే పైవాళ్లు ప్రశ్నలు వేస్తారు సార్,” అన్నాడు మద్దిలేటి నెమ్మదిగా.

“ఆ చెక్క ఏది?” అని అడిగారు సార్.

“ఏముంది సారూ, పొయ్యిలోకి పాయ. మీ చేతిలో టీ దాంతో కాచిందే.”

సార్ మిగిలిన టీ తాగి గ్లాసు కింద పెట్టారు. లేచి, డ్రిల్లింగు చేసిన రంధ్రంలో దించిన గొట్టం మీద మూతగా పెట్టిన నాపరాయిని పక్కకు జరిపించారు. జేబురుమాలు తీసి గొట్టం నోటి మీద పరిచారు. ఆ పక్కనే కూర్చున్నారు.

గాలి లేదు. గడ్డిపోచ కదలడం లేదు. ఎండకు కొండ అంతా తెల్లగా, నీళ్లలో తేలుతున్నట్టుంది.

చాలాసేపటికి రుమాలు మధ్యలో మెల్లగా ఉబ్బింది. కాసేపు అలాగే నిలిచి, మళ్లీ వాలిపోయింది. నిద్రపోతున్న మనిషి ముఖం మీద కప్పిన గుడ్డలాగా.

మద్దిలేటి దగ్గరికి జరిగాడు.

సార్ రుమాలు తీసేసి, “విను,” అన్నారు.

అతను రాతి మీద బోర్లా పడుకుని గొట్టానికి చెవి ఆనించాడు. చెంపకు చల్లగాలి తగిలింది. నీళ్లకుండ కింద తడి ఇసుక వాసన. లోపల ఎక్కడో ఒక చుక్క పడింది.

లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదకొండు సెకన్లకు ఇంకో చుక్క. మళ్లీ పదకొండు. అంటే రోజుకు ఏడు వేల ఎనిమిది వందల యాభై నాలుగు. ఏడాదికి దగ్గర దగ్గర ఇరవై తొమ్మిది లక్షలు. ఎన్నేళ్ల నుంచి?

ఇరవై చుక్కలు, ఇరవై ఒకటి. చుక్క పడ్డాక దాని చప్పుడు ఎటో నడుచుకుంటూ వెళ్తోంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, అక్కడి నుంచి ఇంకా లోపలికి. తాను పడుకున్నది కొండ మీద కాదనిపించింది. ఎవరి ఇంటి మిద్దె మీదో. కింద ఇంట్లో దీపం లేదు, మాట లేదు, ఏ రోజూ తెల్లారలేదు. ఎవరూ లేని ఆ ఇంట్లో ఎవరో తీరిగ్గా ఊపిరి పీలుస్తున్నారు. ఆ మిద్దె మీదికే తాను మూడు వందల టన్నులు మోసుకొచ్చాడు.

భుజం మీద చెయ్యి పడింది. ఎండ కొండ అవతలికి జరిగింది.

“ఎంత దాకా లెక్కపెట్టావు?”

“తప్పిపోయింది సార్.”

సార్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

మద్దిలేటి లేచి పెట్టెల దగ్గరికి వెళ్లాడు. చివరి పెట్టెతో మొదలుపెట్టి, ఒక్కో కడ్డీనీ తీసి చివరి వైపుకు జరుపుకుంటూ వచ్చాడు. హుసేనప్ప వచ్చి రెండో వైపు పట్టాడు. నాలుగో పెట్టెలో, పద్దెనిమిదో మీటరు దగ్గర, నూట ఇరవై సెంటీమీటర్ల చోటు తెరుచుకుంది.

“గుర్తు పెట్టల్ల కదా సారూ,” అన్నాడు హుసేనప్ప. “చెక్క లేకపాయ.”

మద్దిలేటి జేబులోంచి కంపెనీ ఉత్తరం తీశాడు. వెనక్కి తిప్పి, తెల్లటి వైపు ‘ఖాళీ, 120 సెం.మీ.’ అని రాశాడు. ఆ చోట్లో పెట్టి, ఎగిరిపోకుండా పైన చిన్న రాయి ఉంచాడు. పాత నివేదికను సార్ సంచిలోంచి తీసి హుసేనప్ప పొయ్యి పక్కన పడేశాడు.

దస్తగిరి సార్ వంగి మొదటి పెట్టె నుంచి ఆరో పెట్టె దాకా నడిచారు. చివరి ముక్క చివరి అంచుకు సరిగ్గా ఆని ఉంది.

జేబులోంచి కలం తీసి, కొత్త నివేదిక రాయమన్నట్టు మద్దిలేటి చేతికిచ్చారు.

“ఇప్పుడు ముప్పై మీటర్లు.”