ఉతికి మెత్తబడిన నూలుచీర: బాటగౌరి నోము కథ

నోము నోచిన ఇల్లాలు కాళ్ళు కడుగుకొని, అక్షతలు చేత పట్టుకొని, కూర్చున్నవారందరును వినునట్లు ఈ కథ చెప్పవలెను. చెప్పువారు తొందరపడరాదు. వినువారు నడుమ లేచి పొయ్యిమీది పాలు చూడ పోరాదు. పాలు ముందే దించుకొని కూర్చుండవలెను.

పూర్వమొకప్పుడు కృష్ణవేణి ఒడ్డున మితవాసుడను ముని, తనకంటె పెద్దవాడైన దీర్ఘచరణ మహామునికి నమస్కరించి ఇట్లడిగెను. స్వామీ, శివరాత్రికి శ్రీగిరికి కాలినడకన పోవువారిని ఏటేట చూచుచున్నాను. నూరుగురు బయలుదేరిన అరువదిమందియే కొండ చేరుచున్నారు. తక్కినవారు దారిలో కూలబడి ఏడ్చుచు మరలిపోవుచున్నారు. వారికి భక్తి చాలదందమన్న, చేరినవారికంటె వారే గట్టిగా నామము పలుకుచుండిరి. ఈ లోపమేమి? దీనిని పోగొట్టు నోము ఏదైన కలదా?

అప్పుడు దీర్ఘచరణుడు నవ్వి, నాయనా, లోపము భక్తిలో లేదు, బట్టలో ఉన్నది. నడుచునది దేహము. వారు దేహమునకు కట్టక ఊరివారి కన్నులకు కట్టుచున్నారు. దీనికి బాటగౌరి నోమని ఒకటి కలదు. దానిని మొదట నోచిన పేరిందేవి కథ చెప్పెదను వినుమని చెప్పసాగెను.

పెన్నకు దక్షిణమున వెలిచెలిమ అను పట్టణము కలదు. అందు చెంగయ్య శెట్టి అను పట్టుబట్టల వర్తకుడు ఉండెను. అతని భార్య పేరిందేవి. ఆ యింట బిడ్డ పొత్తిగుడ్డ మొదలు దేవుని గది తెర దనుక అన్నియు పట్టే. నూలుచీర కట్టినది ఆ గడప దాటినచో అంట్లు తోమ వచ్చినదని అందరు అనుకొనెడివారు. చెంగయ్య శెట్టి మంచివాడే. అయినను పట్టు మాట వచ్చినప్పుడు మాత్రము అతని మెడ ఒక బెత్తెడు నిక్కెడిది.

ఇట్లుండగా ఒక శ్రావణమున శెట్టికి అరికాళ్ళు తిమ్మిరెక్కెను. కార్తికము నాటికి ఆ తిమ్మిరి మోకాళ్ళకు వచ్చెను. సూది గుచ్చిన తెలియదు, నిప్పు తగిలిన తెలియదు. వైద్యులు చూచి, ఇది పైకెక్కు రోగము, గుండెల దాక పోయెనా ఇక మా చేతిలో లేదనిరి. పేరిందేవి మూడు దినములు ఏడ్చెను. నాలుగవ దినమున తల స్నానము చేసి, మల్లన్నా, ఈయన నడువలేడు కనుక ఈయన బదులు నేను నడిచి వచ్చెదను, మూడు శివరాత్రులు దాటకముందే నీ లింగమును నా చేత తాకెదను, ఈయన కాళ్ళు ఈయనకిమ్మని మ్రొక్కుకొనెను.

మొదటి యేడు శివరాత్రికి పండ్రెండు దినములు ముందుగా ఆమె యాత్రికుల గుంపుతో బయలుదేరెను. దేవుని దగ్గరకు పోవుచు పాతగుడ్డ కట్టుదురా అని ఇంటివారందరును అనిరి. శెట్టి మంచము మీదనుండియే పెట్టెలు తీయించి, అరచేతి వెడల్పు జరీ అంచు గల మడత విప్పని పట్టుచీర ఎంచి ఇచ్చెను. ఊరు దాటువరకు అందరును ఆ చీరనే చూచిరి. రెండవ దినమున ఎండకు చెమట పట్టి చీర ఒంటికి అంటుకొనెను. జరీ అంచు పిక్కలను గీరెను. మూడవ దినమునకు తొడలు ఒరుసుకొని పుండ్లు పడెను. ఆడది ఆ మాట ఎవరితో చెప్పుకొనును? పండ్లు బిగించి నడిచెను. నాలుగవ దినమున దారి రేగుపొదల నడుమ పడెను. ముల్లు తగిలినచోటనెల్ల ఇతరులు కొంగు లాగికొని పోయిరి. పట్టు వర్తకుని భార్య కనుక పేరిందేవికి చేయి రాలేదు. ప్రతి పోగును ముల్లునుండి విడదీయుచు నిలుచుండగా గుంపు కనుమరుగాయెను. ఆమె పొద పక్కన కూలబడెను. ఎవరో బండివారు జాలిపడి ఇంటికి చేర్చిరి.

ఆ యేడు శెట్టికి తిమ్మిరి తొడలకు ఎక్కెను. అంగడిలో పెట్టెలకు చిమ్మటలు పట్టి పట్టంతయు జల్లెడయాయెను. కొనువారు పక్కవీధికి మరలిరి.

రెండవ యేడు పేరిందేవి ఇట్లాలోచించెను. నా సుఖమే నన్ను చెరిచినది, ఎంత కష్టపడిన దేవుడంత మెచ్చునని. పొరుగువారును ఔననిరి. ఆమె మగ్గము మీదనుండి దించిన ముతక కోరాచీర ఒకటి తెచ్చి, నీరు తాకించి మెత్తపరుపక, మారుచీర లేక, గొంగళి లేక, ప్రతి దినము తెల్లవారక మునుపే ఏటిలో మునిగి ఆ తడిబట్టతోనే నడిచెను. చూచినవారు చేతులు జోడించిరి. నిజము చెప్పవలెనన్న అది ఆమెకు లోలోపల ఇంపుగానే ఉండెను. మాఘమాసపు వేకువ చలి కదా! తడిసిన కోరాగుడ్డ రాయివలె బరువెక్కి నడుమును కోసెను. ఆరవ దినమున నల్లమల మొదట జ్వరము వచ్చి వణకుచు ఒక వాగు ఒడ్డున పడెను. గుంపువారు కొంతసేపు చూచి, శివరాత్రి మించిపోవునని ముందుకు సాగిరి.

ఆ వాగులో ఒక చాకలి అవ్వ బట్టలు ఉతుకుచుండెను. ఆమె వచ్చి తన పొడిగుడ్డ కప్పి, ఎండుపుల్లలు రాజేసి, పేరిందేవి వణకు తగ్గినపిమ్మట పక్కన కూర్చుండెను.

"ఏం తల్లీ, ఈ సలిలో తడిగుడ్డ కట్టుకోని యాడికి పోతా ఉండావు?"

"మల్లన్న దగ్గరికవ్వా. మొక్కు ఉండాది."

"తడిగుడ్డ కట్టుకోని రమ్మని ఆయప్ప నీతో చెప్పినాడా?"

"చెప్పలేదవ్వా."

"పోయినేడు జరీ చీర కట్టుకోని రమ్మన్నాడా?"

ఈమెకెట్లు తెలిసెనని పేరిందేవి తెల్లబోయి, అదియు చెప్పలేదనెను.

"మరి అడగనివి రెండు ఇచ్చినావు. అడిగింది ఇయ్యకుండా పోతా ఉండావు. ఆయప్పకి కావాల్సింది నీ చీర కాదమ్మా, నువ్వు రావాల."

పేరిందేవి వెక్కి వెక్కి ఏడ్చెను. ఇంకొక్క శివరాత్రియే మిగిలినదని, అది తప్పినచో భర్త దక్కడని చెప్పుకొనెను. అవ్వ ఆమె కన్నులు తుడిచి నోము చెప్పెను. శివరాత్రి మరునాడు రెండు ముతక నూలుచీరలు తెచ్చుకొనవలెను. ఒకరు కట్టి విడిచినవి పనికిరావు. ఒక దినమొకటి, మరునాడొకటి కట్టి, సంవత్సరము పొడుగునను ఇంటిపని ఆ చీరలతోనే చేయవలెను. తన చేతనే ఉతుకవలెను, గంజి పెట్టరాదు. ప్రతి సోమవారము బాట పక్కన మూడు రాళ్ళు పెట్టి గౌరియని పసుపు పూసి, ఆ చీరతో కోసెడు దూరము, తరువాత రెండు, తరువాత నాలుగు నడువవలెను. ఎక్కడ ఒరిసెనో అక్కడ కట్టు సడలించి మరల చూడవలెను. కుచ్చెళ్ళు పిక్కపైకి ఉండవలెను. వేకువకు గొంగళి, ఎండకు తలగుడ్డ ఉండవలెను. దారిలో తగిన బట్ట లేక బాధపడువారు కనబడినచో ఆ రెండు చీరలలో ఒకటి ఇచ్చివేయవలెను, అదియే వాయనము. ఇంత చెప్పి అవ్వ బట్టల మూట నెత్తిన పెట్టుకొని వాగులో దిగెను. కన్ను మూసి తెరచునంతలో అవ్వయు లేదు, మూటయు లేదు. బాటగౌరియే వచ్చినదని పేరిందేవి ఎరిగి, అవ్వ బట్టలు ఉతికిన రాతికి మ్రొక్కి ఇల్లు చేరెను.

ఇంట జరిగినదేమనగా, శెట్టికి తిమ్మిరి నడుము దాక వచ్చెను. పేరిందేవి ఎవరికిని ఏమియు చెప్పక సాలెవాని యింటికి పోయి రెండు నూలుచీరలు తెచ్చి నోము పట్టెను. ఆ చీరతో వీధి ఊడ్చెను, నీళ్ళు చేదెను, భర్తను ఎత్తి కూర్చుండబెట్టి నడుమునకు నూనె మర్దించెను. అంగడికి వచ్చినవారు చూచి, పట్టు శెట్టి భార్య ముతకచీర కట్టెనని నవ్విరి. శెట్టికి ఒళ్ళు మండెను.

"నా ఎదురుగా ఆ గుడ్డ కట్టుకోని తిరగొద్దు. కాళ్ళు పోయినాయి, పరువు గూడా తీస్తావా?"

"సిగ్గు మీకు, నడక నాకు. ఒక్క ఏడాది ఓర్చుకోండి" అని పేరిందేవి నూనెగిన్నె దగ్గరకు లాగికొనెను.

మొదటి సోమవారము ఆమె కోసెడు దూరమునకే ఆయాసపడెను. ఆషాఢమునకు నాలుగు కోసులు నడిచెను. కార్తికము నాటికి చీరలు నూనె మరకలతో, బూడిద రంగుతో, బిడ్డకు కప్పదగినంత మెత్తనాయెను. అప్పటికి శెట్టి కూడ కొంత మెత్తబడి, ఏ సోమవారమైన ఆమె వచ్చుట ఆలస్యమైనచో వాకిలి వైపు చూచుచుండెను.

బయలుదేరవలసిన దినము వచ్చెను. వేకువనే లేచి చూచునప్పటికి రెండు చీరలును రేకులవలె నిక్కి తీగమీద ఆరుచుండెను. శెట్టి చెల్లెలు ఓబులమ్మ ప్రేమకొలది వాటిని రాత్రియే చిక్కని గంజిలో ముంచి ఆరవేసియుండెను.

"దేవుని దగ్గరికి పోయే చీరలు గదా వదినా, నలిగినట్ల ఉంటే బాగుండదని పెట్టినాను."

పేరిందేవికి ఏడుపు వచ్చెను, కోపము వచ్చెను. అయినను ఆ పిల్లను ఒక్క మాట అనక చీరలు రెండును బావి దగ్గరకు తీసికొనిపోయి ఏడు మారులు జాడించి, గంజి పోవువరకు పిండి ఆరవేసెను. గుంపు వెళ్ళిపోయెను. ఆమె ఒక దినము వెనుకబడి ఒంటరిగా బయలుదేరెను. వెళ్ళునప్పుడు శెట్టి తిమ్మిరి రొమ్ము కింది ఎముకలను తాకియుండెను. అతడు ఆమె చేయి ఒకమారు పట్టుకొని విడిచెను.

మూడు దినములు గడిచెను. చీర ఒరియలేదు. వేకువ గొంగళి కప్పుకొని నడిచెను, పొద్దెక్కిన తరువాత దానిని భుజమున వేసికొనెను. రేగుముల్లు తగిలినచోట కొంగు లాగికొనెను; చిరిగినది చిరిగెను. ఐదవ దినమునకే గుంపును కలిసికొనెను. అడవి మొదట ఒక కరణము భార్య దారి పక్కన కూర్చుండి ఏడ్చుచుండెను. ఒంటిమీద జరీచీర, పిక్కలనుండి నెత్తురు. పేరిందేవికి ఆమెను ఏమని అడుగవలసిన పని లేకపోయెను. తన మారుచీర మూట విప్పి ఆమెకు కట్టబెట్టి, కట్టు సడలించు తీరు చూపి, చేయి పట్టుకొని లేపెను. ఆ పిమ్మట తనకు మిగిలినది ఒక్కటే చీర. వాగు కనబడినచోట సగము కట్టుకొని సగము ఉతికి ఆరబెట్టి, అది ఆరినపిమ్మట మిగిలిన సగము ఉతికికొనెను. కొండదారిలో అరికాళ్ళ నిండ ముళ్ళు దిగెను. తీసికొనుచు కూర్చున్నచో పొద్దు పోవునని అట్లే నడిచెను.

శివరాత్రి నాడు మధ్యాహ్నమునకు ఆమె గుడి చేరి, లింగమును రెండు చేతుల తాకి, చెంగయ్య శెట్టి పేరు చెప్పెను. మరేమియు కోరలేదు. అలసటకు కోరిక కూడ గుర్తు రాలేదు.

అదే గడియలో వెలిచెలిమలో శెట్టి మంచము మీద కేక వేసెను.

"ముల్లు! ఓబులమ్మా, నా కాల్లో ముల్లు గుచ్చుకొనింది, సూడే!"

ఓబులమ్మ పరుగున వచ్చి దుప్పటి తీసి రెండు అరికాళ్ళును తడిమి చూచి, ముల్లు లేదన్నా అనెను.

"లేకుంటే ఇంత నొప్పి ఎట్ల పుడతాదే?"

అన్న మాట అన్నవానికే అర్థమై, శెట్టి పసివానివలె భోరున ఏడ్చెను. ఆ పగలంతయు ముళ్ళు గుచ్చుకొనుచునే ఉండెను. ఒక్కొక్క నొప్పికి అతడు ఇదిగో ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని వ్రేలు పెట్టి చూపెను. పేరిందేవి తిరిగి వచ్చునప్పటికి శెట్టి గోడ పట్టుకొని వాకిట నిలుచుండెను. పిదప అంగడి మరల నిండెను, చిమ్మటలు పోయెను, వెళ్ళిన బేరములు తిరిగి వచ్చెను.

కాళ్ళు గట్టిపడినపిమ్మట శెట్టి, వచ్చు శివరాత్రికి నేనును నడిచెదనని చెప్పి, పాత అలవాటు చొప్పున పెట్టె తెరచి జరీ పంచె ఒకటి బయటికి తీసెను. పేరిందేవి ఆ పంచెను మడిచి పెట్టెలో పెట్టి, రెండు ముతక నూలుపంచెలును ఒక చీపురును తెచ్చి అతని చేతికిచ్చెను. శెట్టి కొంతసేపు చీపురు వైపు చూచెను. తరువాత తన అంగడి ముందు, తన బేరగాండ్ర ఎదుట, వీధి ఊడ్చెను. ఊరివారు నవ్విరి. వంచుటకు నడుము, నిలుచుటకు కాళ్ళు ఉన్నవి గదా అని అతడు ఊడ్చుచునే ఉండెను. సంవత్సరము తరువాత ఆలుమగలిద్దరును కలిసి నడిచి కొండ చేరిరి.

దీర్ఘచరణుడిట్లు చెప్పి ముగింపగా మితవాసుడు సంతోషించెను. కనుక దూరపు క్షేత్రమునకు కాలినడకన పోదలచిన ఆడవారు, మగవారు, ముసలివారు, కొత్తకోడండ్రు, రోగియైన తమవారి కొరకు మ్రొక్కుకొన్నవారు ఈ నోము నోచవలెను. నోచినవారికి దారి అలుపు తక్కువగును, పుండ్లు పడవు, బయలుదేరినవారు చేరుదురు, చేరినవారు క్షేమముగా తిరిగి వత్తురు, ఇంట ధాన్యము తరుగదు. వినినవారికి సగము ఫలము కలుగును. కథలో మాట తప్పినను దోషము లేదు. చీరకు గంజి పెట్టినచో మాత్రము దోషమే.

ఇప్పుడు అక్షతలు శిరస్సున వేసికొని, అందరును లేచి గౌరి పేర నాలుగడుగులు నడువవలెను. లేవలేనివారు ఎవరైన ఇంట ఉన్నచో, వారి పేరు చెప్పి, వారి బదులు ఇంకొకరు ఆ నాలుగడుగులు వేయవలెను.