దివాను గారి వెనక గోడ

ఒకానొక సంస్థానంలో రాణిగారి స్నానాల గది గోడకు రాజుగారి తాతల నాటి పింగాణీ పలకలు ఉండేవి. సందుల నిండా పాచి పట్టిందని, వాటిని తీసి కొత్తవి వేయమని రాణిగారు తాపీమేస్త్రి దాలయ్యకు కబురు పెట్టారు.

ఎవరి పనికైనా అడ్డం పడందే దివాను భూషణరావుకు అన్నం సహించదు.

"ఇవి ఓడలో వచ్చిన సరుకురా. ఒక్కటి విరిగినా ఈ సంస్థానంలో నువ్వు మళ్లీ తాపీ పట్టడానికి వీల్లేదు," అన్నాడు.

దాలయ్య ఒక పలకను తట్టి చూశాడు. సున్నంలో బిగిసి రాయైపోయింది. ఇటునుంచి ఊడదీస్తే ముక్కలే. తాపీ పట్టకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

"గోడ ఏమైనా పర్వాలేదా బాబయ్యా?"

"గోడ ఎటుపోతే నాకేం? పలక ముఖ్యం."

మర్నాడు పూజలో ఉన్న దివానుకు సుత్తి దెబ్బలు వినిపించాయి. లేచి వెళితే, కోటలోని తన పడకగదిలోనే దాలయ్య పట్టెమంచం పక్కకు జరిపి గోడ తవ్వుతున్నాడు.

"ఇక్కడేం పనిరా నీకు?"

"తమరి ఆజ్ఞే బాబయ్యా. పలక విరక్కూడదంటే వెనకనుంచి గోడే తీసేయాలి. స్నానాల గదికి వెనక ఉన్నది తమరి గదే. రేపటికి అడ్డం లేకుండా చేస్తాను. రాణిగారు స్నానానికొచ్చే వేళకు తమరే ఇంకెక్కడైనా సర్దుకోవాలి."

దివాను దాలయ్య చేతిలో సుత్తి లాక్కుని స్నానాల గదిలోకి పరిగెత్తాడు.

మొదటి పలక పగలగొట్టింది ఆయనే.