బోర్లించి చూడని సోఫా

వీణ మాష్టారు సోమయాజులుగారికి, ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్లను వెంటబెట్టుకుని ఎక్కడికో బయల్దేరతారు. ఆ సంగతి తెలిసీ ఆయన శిష్యురాలు విశాలాక్షి ఒకనాడు పాఠం అయ్యాక అడిగింది: "మాష్టారూ, చూడ్డానికి అందంగా ఉండి, చవగ్గా కూడా దొరికే వస్తువుని నమ్మొచ్చంటారా?"

అడగడానికి కారణం ఉంది. భర్త పనిచేసే మిల్లు మూతపడింది. విజయదశమినాడు ఆమె తన ముందుగదిలో వీణ పాఠాలు మొదలుపెట్టాలి. ఇక ఇల్లు గడవడానికి అదే ఆధారం. పిల్లల్ని చేర్పించడానికి వచ్చేవాళ్లు ముందు చూసేది గదిని, ఆ తర్వాతే వీణని. ఆ గదిలో ఉన్నవేమో వెలిసిపోయిన ప్లాస్టిక్ కుర్చీలు.

మాష్టారు కండువా భుజాన వేసుకుని ఆమెను స్టేషను వెనక పాత సామానులమ్మే లతీఫ్ కొట్టుకు తీసుకెళ్లారు. అక్కడ పనసచెక్క దివాను ఒకటుంది. అంచున సన్నని నగిషీ, నిటారైన కాళ్లు, ధర ఆమె అనుకున్నదానిలో సగం. అంతే, విశాలాక్షికి అనుమానం పట్టుకుంది. వేలి కణుపుతో అంగుళం అంగుళం కొట్టి చూసింది. లతీఫ్ చేత బోర్లా వేయించి, పుచ్చు ఉందేమోనని తలలో పిన్ను తీసి పొడిచింది. ఎక్కడా లోపం దొరకలేదు, దాంతో అనుమానం ఇంకా ముదిరింది. దొంగసొత్తేమో. ఎవరైనా దాని మీదే పోయారేమో. ఎవరింటిదని నిలదీస్తే లతీఫ్ విసుక్కోకుండా చెప్పాడు.

"ఫ్లాటుకి మారారమ్మా వాళ్లు. లిఫ్టులో పట్టలేదు, మెట్ల దగ్గర మలుపు తిరగలేదు. అమ్మేసుకున్నారు."

అతనంత ఓపిగ్గా చెప్పడమే ఆమెకు నచ్చలేదు. మళ్లీ వస్తానని చెప్పి బయటపడింది.

తిరుగుదారిలో మెయిన్ రోడ్డు మీద అద్దాల షాపు కనబడింది. నేల మాసిపోతుంది, చెప్పులు బయట విడవండన్నారు. విడిచింది. లోపల ఏసీ చల్లగా తగిలింది. ఒకాయన మేడమ్ మేడమ్ అంటూ కూల్‌డ్రింకు చేతికిచ్చి, పండగ తగ్గింపు ధరకే ఇస్తున్నామంటూ మెరిసే సోఫాలో కూర్చోబెట్టాడు. ఆ మెత్తదనానికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"దీన్ని బోర్లించి చూడవా అమ్మా?" అన్నారు మాష్టారు మెల్లిగా.

"ఇంత పెద్ద షాపులో బావుండదు మాష్టారూ" అంటూ సిగ్గుపడి, దాచుకున్నదంతా కట్టేసింది.

విజయదశమినాడు పిల్లలతో వచ్చినవాళ్లు సోఫాను మెచ్చుకుంటూ కూర్చున్నారు. సరస్వతీపూజ పూర్తికాకుండానే అది ఫెళ్లున విరిగింది. మెరిసే గుడ్డ కింద ఉన్నది రంపపు పొట్టు అదిమి చేసిన చెక్క. ఒక పెద్దమనిషి నడుం పట్టుకుని లేచాడు. అందరూ మర్యాదగానే నవ్వి, కబురు చేస్తామని పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు. ఒక్కరూ కబురు చేయలేదు. బరువెక్కువై విరిగితే తమకు పూచీ లేదన్నారు షాపువాళ్లు.

విశాలాక్షి ఏడుపు దిగమింగుకుంటూ మాష్టారింటికి వచ్చింది. ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంటే ఏం పోయేదని ఆయన మీద కోపంగా కూడా ఉంది. ఆ మాటే పైకి అనేసింది. ఆయన నొచ్చుకోలేదు, కూర్చోమని చూపించారు. చూస్తే అది లతీఫ్ కొట్లోని దివానే. నువ్వు సోఫా కొన్న మర్నాడే దీన్ని కొన్నాననీ, సాయంత్రానికి మీ ముందుగదిలో వేయిస్తాననీ, పాఠాలు మళ్లీ మొదలుపెట్టమనీ చెప్పారు.

ఆమె కళ్లొత్తుకుంటూ కూర్చుంది. కూర్చున్నదే గాని, చెయ్యి తనంతట తానే కిందికి పోయి చెక్కను కొట్టి చూస్తోంది. ఆ టకటక విని మాష్టారు నవ్వారు.

"ఆ అద్దాల షాపు గుమ్మంలో చెప్పులతోపాటు ఇంకొకటి కూడా విడిచి లోపలికెళ్లావమ్మా" అన్నారు. "ఈ దివాను మీద అనుమానం మాత్రం లతీఫ్ కొట్టునించి నిన్ను వదల్లేదు."