కాగుతల్లి కోపం

పూర్వం, ఇప్పుడు మనం నీలికాగు అంటున్న ఈ ఊరికి తెల్లగుట్ట అని పేరున్న రోజుల్లో, కేతభూపతి అనే ప్రభువు ఈ సీమను ఏలుతూ ఉండేవాడు. ఆయనకు నీలవర్ణమంటే ప్రాణం. గొడుగు నీలం, గుడారం నీలం, పడకగది గోడలు నీలం. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరాలు కనిపించడానికి లోకమంతా మసి పూస్తే, ఆయన కొలువులో మాత్రం నీలిమందు పూసేవారు. అంతవరకు ఎవరికీ ఏ బాధా లేదు. కాని ఇష్టం ముదిరి పేరాశ అయింది. నీలం తన సొత్తు గనుక ఇక మీదట తన సీమలో ఏ మనిషి ఒంటి మీదా ఆ రంగు కనిపించరాదనీ, కనిపిస్తే తలారి దాన్ని సున్నంతో తోమి వదిలించాలనీ ఆయన శాసనం చేయించాడు. నీలం తయారుచేసే చేతులు మోచేతుల దాకా నీలంగానే ఉంటాయన్న సంగతి ఆ శాసనం చెప్పినవాడికి తెలియలేదు, వ్రాసినవాడు తెలిసీ చెప్పలేదు.

ఆ చేతులు ముమ్మక్కవి. ఆమె సముద్రతీరపు అద్దకపు కుటుంబంలో పుట్టి, ప్రభువు పిలిపిస్తే భర్తతో, ఇద్దరు పిల్లలతో ఇరవై రోజులు నడిచి ఈ గుట్టల నడుమకు వచ్చింది. వచ్చిన ఏడాదే భర్త జ్వరంతో పోయాడు. తిరిగి వెళ్దామంటే చంటివాడు బేతడు నడవలేడు, దారిలో అడవి. అందుకని ఆమె ఇక్కడే ఉండిపోయి, ఒక్కతే నీలిమందు పులియబెట్టే కాగు పెట్టి, రాజుగారి బట్టకు రంగు వేస్తూ పిల్లలను సాకింది. పిల్లల విషయంలో ఆమెకు ఎప్పుడూ ఏదో ఒక భయమే. గంజి ఎక్కువ వేడిగా ఉందేమో, ఇక్కడి నీళ్లు పడవేమో, ఇక్కడి పిల్లలతో ఆడి ఆడి మన మాటే మరిచిపోతారేమో. సొంత ఊరిలో ఉంటే తాతలూ మేనత్తలూ పదిమంది నేర్పేది ఇక్కడ తానొక్కతే నేర్పాలి గదా. అందుకని రోజూ సాయంత్రం తొమ్మిదేళ్ల కూతురు కుందమ చేత, వేలు నీలంలో ముంచి, ఇంటి వెనుక గోడ మీద పుట్టిన ఊరి పేరూ తాతల పేర్లూ వ్రాయించేది.

శాసనం వచ్చాక ముమ్మక్క బయటికి వెళ్లేటప్పుడు చేతులకు పాతగుడ్డలు చుట్టుకునేది. తన చేతులను తానే దొంగసొత్తులా దాచుకుంటున్నానని లోపల ఉడికిపోయేది. కాని ఆ కోపాన్ని పైకి రానిచ్చేది కాదు. ఎందుకంటే వాళ్ల వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. నీలికాగు బతికి ఉన్న తల్లి. నీలిమందూ బెల్లమూ సున్నమూ వేసి దాన్ని మేపుతారు, పులిస్తే పండిందంటారు, వాసన చూసి ఆరోగ్యం చెబుతారు. కోపంతో ఉన్న మనిషి దాని దగ్గరికి పోతే ఆ తల్లి అలిగి చచ్చిపోతుందని, కాగు చస్తే ఆ ఇంటికి కూడు ఉండదని వాళ్ల నమ్మకం. అలా ముమ్మక్క భర్త పోయినప్పటి నుంచి ఆరేళ్లు కోపమన్నది తనకు లేనట్టే బతికింది.

ఒకనాడు ప్రభువు కొత్త కోటకు ఎత్తవలసిన జెండా బట్టను కాగులో ముంచి, ఆమె ఏటికి నీళ్లకు వెళ్లింది. ఆ వేళకు తలారి గంగడు అటుగా వచ్చి, గోడ ముందు నిలబడిన కుందమ వేళ్లు చూశాడు. "ఏమే పిల్లా, రాజుగారి రంగు నీకెక్కడిదే?" అన్నాడు. "మాదే. మా అమ్మే చేస్తుంది" అంది పిల్ల. అది సున్నపు బట్టీల ఊరు, పచ్చిసున్నానికి కొదవేముంది? వాడు పిల్లను వీధిలోకి లాక్కుపోయి, సున్నం పెట్టి కొబ్బరిపీచుతో రెండు చేతులూ తోమాడు. తోలు లేచిపోయింది గాని నీలం పోలేదు. వీధిలో ఉన్నవాళ్లంతా చూశారు. ఒక్కరూ అడ్డుపడలేదు. ఈ కథ చెప్పేటప్పుడు ఈ మాట దాచకూడదని మా పెద్దల ఆన.

ముమ్మక్క తిరిగి వచ్చి, పిల్ల చేతులకు వెన్న రాసి, తడిగుడ్డ కప్పి, కాగు ఉన్న పాకలోకి పోకుండా గుమ్మం బయట కూర్చుంది. పొద్దు వాలింది. జెండా రాలేదని మండిపడుతూ ప్రభువే తలారితో, పరివారంతో వచ్చాడు.

"బట్ట ఏదే?"

"కాగులో ఉంది, దొరా. నేను తియ్యను. కోపంతో ఉన్న చెయ్యి కాగులో పెట్టకూడదు."

"నీ కోపం ఎవరికి కావాలి? నాకు జెండా కావాలి."

ఆయన పాకలోకి దూసుకుపోయి కాగులోకి తొంగిచూశాడు. నీలికాగు లోపల నీలంగా ఉండదు, పసరు రంగులో ఉంటుంది. గాలి తగిలాకే బట్ట నీలమవుతుంది. కట్టుకోవడమే తప్ప కాగు ముఖం చూసి ఎరుగని ఆ ప్రభువు, "నా నీలాన్ని పాడుచేసింది" అని అరిచి, పట్టరాని కోపంతో రెండు చేతులూ మోచేతుల పైదాకా ముంచి బట్టను బయటికి లాగాడు.

ముమ్మక్క లేచింది. ఆరేళ్లలో మొదటిసారి ఆ పాకలో గొంతెత్తింది. "తల్లీ, నీకు కోపం పడదని నా మొగుడు పోయిననాడు కూడా నీ ముందు ఏడవలేదు. వీళ్లు నా చేతులకు గుడ్డలు చుట్టించినా నవ్వుతూ నిన్ను మేపాను. నా బిడ్డ వేళ్లు ఒలిచారు. చస్తే చావు. ఇవాళ నాకు కోపమొచ్చింది."

కాగు చావలేదు. అడుగు నుంచి ఒక్కసారిగా పొంగి, నురగ అంచులు దాటి నేల మీదికి దుమికింది. అందరూ చూస్తుండగానే ప్రభువు చేతిలోని పచ్చటి బట్ట నీలమైంది, ఆ బట్ట పట్టిన చేతులూ నీలమయ్యాయి. ఆ తల్లికి ఇన్నాళ్లూ పడనిది కోపం కాదు, తన బిడ్డ నోరు విప్పకపోవడమేనని అప్పుడు తెలిసింది.

"గంగా, సున్నం తీసుకురా" అంది ముమ్మక్క. "ఏ మనిషి ఒంటి మీదా అన్నాడు గదా మీ దొర. ఈయన మనిషి కాడా?"

తలారి కదలలేదు. ప్రభువే ఇంటికి పోయి, తలుపులు వేసుకుని, సున్నంతో తోముకున్నాడు. తోమినకొద్దీ చేతులు మండాయి, నీలం చిక్కబడింది. సున్నం ఆ కాగుకు మేత అని ఆయనకు ఎవరు చెబుతారు? మూడోనాడు ఆ చేతులు జోడించుకుని వచ్చి క్షమించమన్నాడు. "నన్నడిగితే ఏం లాభం? వేళ్లు నావి కావు" అంది ముమ్మక్క. కుందమ తల్లి వెనుక నుంచి, "ఇంకా మంటగానే ఉంది" అని మాత్రం చెప్పింది. ప్రభువు శాసనం కొట్టేయించి, నీలి చేతులతోనే బతికి, నీలి చేతులతోనే పోయాడు. ఆ తల్లి చివరికి శాంతించిందని చెప్పేవారు పొరుగూళ్లలో ఉన్నారు. మా ఊరిలో ఎవరూ ఒప్పుకోరు.

ఆ కాగు పొంగినచోటే రాయి అయింది. దాని చుట్టూ కట్టినదే ఇప్పటి గుడి. ఇక్కడ అమ్మవారికి శాంతిమంత్రం చదవరు. అన్యాయం జరిగినవాళ్లు వచ్చి గొంతెత్తి చెప్పుకుంటారు, పూజారి వారించడు. ఏటా జాతరకు ఆ రాతికాగులో నీలం కలుపుతారు. ఈ ఊరి మీద అధికారంతో కొత్తగా వచ్చినవారు, సర్పంచైనా తహసీల్దారైనా, మొదట వచ్చి మోచేతుల దాకా చేతులు ముంచవలసిందే. ఆ రంగు పదిహేను రోజులు వదలదు. ఆ పదిహేను రోజులూ ఆ చేతులతోనే అన్నం తినాలి, ఆ చేతులతోనే సంతకాలు పెట్టాలి.